తరగతిగదిలోని తెర: గుంటూరు, ప్రకాశం సీమల అనుభవసమీక్ష

పాఠశాలలలో యంత్రసాధనముల వినియోగమును గూర్చి మనవారు చేయు వాదములు సాధారణముగా రెండు తెగలుగా నుండును. ఒక తెగవారు తెర వచ్చినంతనే విద్య వచ్చినదని సంబరపడుదురు. రెండవ తెగవారు తెర వచ్చినంతనే విద్య అడుగంటినదని విలపింతురు. ఈ ఉభయ వాదములును వస్తువును చూచి పలికినవే గాని, ఆ వస్తువు ఏ ఊరి బడిలో, ఏ మాసమున, ఏ ఉపాధ్యాయుని చేతిలో, ఎంత చదువు వచ్చిన పిల్లవాని యెదుట నున్నదో విచారించి పలికినవి కావు. అట్టి విచారణకు గుంటూరు, ప్రకాశం సీమలు మిక్కిలి యనువైన క్షేత్రము. నాగార్జునసాగరు కుడికాలువ క్రిందను, వర్షాధారపు నల్లరేగడులయందును పత్తియు మిరపయు పండించు సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి, దర్శి ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనచే వేర్వేరు జిల్లాలలోనికి పోయినను, అచ్చటి బడుల స్వభావము ఒక్కటియే: పంటల పంచాంగము బడి పంచాంగమును శాసించుచుండును. ఈ నేలపై గడచిన కాలమున ఏయే బోధనోపకరణములు వచ్చినవో, ఏవి నిలిచినవో, ఏవి మూలపడినవో పరిశీలించి, వాని నుండి గ్రహింపదగిన నిర్ణయమేదో తేల్చుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

బోధనోపకరణములకు ఈ సీమ క్రొత్తది కాదు. దేశమందలి అసంఖ్యాకులైన బాలబాలికలు అక్షరములు దిద్దుకొన్న రాతిపలకలు మార్కాపురపు గనులనుండి వెడలినవే. ఆ పరిశ్రమ నోటుపుస్తకముల రాకతో క్షీణించినను, తరతరముల చదువునకు ఆధారమైనది. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనమును, 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై నడిపించిన పడవగ్రంథాలయమును, చదువరి యున్న చోటికి చదువును కొనిపోవలెనను సంకల్పము ఈ ప్రాంతమున ఎంత పాతదో తెల్పుచున్నవి. 1948 డిసెంబరు మాసమున విజయవాడలో ఆకాశవాణి కేంద్రము నెలకొన్న పిమ్మట శ్రవ్యమాధ్యమము గ్రామములలో ప్రవేశించెను. 1975 ఆగస్టు నుండి ఏడాదికాలము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన పాఠములను ప్రసరింపజేసిన ‘సైట్’ ప్రయోగమున ఆంధ్రప్రదేశము కూడ పాల్గొనెను. ఉదయము పిల్లలకు, సాయంత్రము పెద్దలకు అని విభజించి నడిపిన ఆ ప్రయోగము, బోధనకై ఉపగ్రహమును వినియోగించుటలో ప్రపంచమునకే దారిచూపినది. ఐనను ఉపగ్రహము గడువు తీరుటతో ప్రసారములు నిలిచిపోయినవి.

గడువు తీరుటతో నిలిచిపోవుట అను ఈ లక్షణము తరువాతి ప్రయత్నములకును వారసత్వముగా సంక్రమించెను. 1984-85లో కేంద్రప్రభుత్వము ఎంపికచేసిన ఉన్నతపాఠశాలలలో బీబీసీ మైక్రో కంప్యూటర్లను నెలకొల్పి ‘క్లాస్’ అను పథకము నారంభించెను. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ‘ఎడ్యుసాట్’ కక్ష్యలోనికి చేరెను. ఈ శతాబ్దపు తొలియేండ్లలోనే ఉమ్మడి రాష్ట్రమున ‘మన టీవీ’ యను పేర పాఠముల ప్రసారము మొదలైనది. 2004 డిసెంబరులో ప్రకటింపబడిన పాఠశాలల సమాచారసాంకేతిక పథకము ననుసరించి, 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమందలి 5,000 ఉన్నతపాఠశాలలకు కంప్యూటరు గదులు సమకూడెను. గుత్తసంస్థలు యంత్రములు తెచ్చి, ఐదేండ్లు నడిపి, పిమ్మట బడికి అప్పగించిపోవలెనన్నది అందలి నిబంధన. ఆ ఐదేండ్లును యంత్రమునకు బోధకుడుండెను, చెడినచో బాగుచేయువాడుండెను. ఒప్పందము ముగియుటతో బోధకులు పోయిరి, బ్యాటరీలు ఆగిపోయెను, తాళము పడిన గదులు మిగిలెను. ఇది ఏ యొక్క బడి తప్పును కాదు. నడుపువాని కాలపరిమితిని యంత్రము కాలపరిమితిగా నెంచిన యోజనయందలి లోపము.

అదే కాలమున వేరొక దారిలో నడచిన ప్రయోగ మొకటి కలదు. 2008లో గ్రామీణ ప్రతిభావంతులకై స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, ప్రతి విద్యార్థికిని ల్యాప్‌టాప్ నిచ్చి, పాఠములను అంతర్గత జాలము ద్వారా నందించు పద్ధతితో మొదలైనది. ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్‌రెడ్డిగారు దానికి కులపతిగా నుండిరి. 2016లో ఒంగోలునకు కేటాయింపబడిన ప్రాంగణముతో ఆ పద్ధతి ప్రకాశం సీమకును సంబంధించినదైనది. అచ్చట పద్ధతి నిలిచినదనిన, విద్యార్థులు ఆవరణముననే నివసించుటయు, విద్యుత్తు, జాలము, మరమ్మతు అను మూడును ఒక్క యాజమాన్యము క్రింద నుండుటయు కారణములు. మిరపతోటల నడుమ నున్న జిల్లాపరిషత్తు బడికి ఈ మూడింటిలో నేదియు స్వాధీనము కాదు.

ఆ పిమ్మట మార్పు వేగవంతమైనది. 2017 సెప్టెంబరు 5న ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిన ‘దీక్ష’ వేదిక, పాఠ్యపుస్తకపు పుటపై ముద్రించిన క్యూఆర్ కోడ్ ద్వారా పాఠమునకు దృశ్యమును జతపరచుట యను చిన్న మెళకువను దేశవ్యాప్తము చేసినది. ఆడంబరములేని ఈ మెళకువకు ఒక గుణము కలదు: అది క్రొత్త వస్తువును కొనుమనదు, పుస్తకము బడిదే, ఫోను ఉపాధ్యాయునిదే. 2020 మార్చిలో మహమ్మారి కారణమున బడులు మూతపడగా, రాష్ట్రప్రభుత్వము దూరదర్శన్ సప్తగిరి ద్వారా పదవ తరగతివారికి ‘విద్యామృతము’ పేర పాఠములు చెప్పించెను. కేంద్రము ‘పీఎం ఈ-విద్య’ పేర తరగతికొక ఛానలు ప్రకటించెను. ఉపాధ్యాయులు తమంతట తాము వాట్సాప్ గుంపులు కట్టి, లెక్కలు వ్రాసిన కాగితములను ఛాయాచిత్రములుగా పంపిరి. ఆ కాలమున ఇంటిలో నున్న ఒక్క ఫోను తండ్రితోపాటు తోటకు పోవును. సాయంత్రము దీపములు పెట్టిన పిమ్మట తిరిగివచ్చును. అప్పటికి పాఠము ముగిసియుండును. అందువలన ప్రసారమున్నను ప్రాప్తి లేనివారు అనేకులైరి.

పిమ్మటి కథకు ఈ సీమయే రంగస్థలమైనది. 2019 నవంబరు 14న ఒంగోలులోని పీవీఆర్ బాలుర ఉన్నతపాఠశాలలో ‘మనబడి నాడు-నేడు’ పథకము మొదలై, తొలివిడతగా 15,715 బడులు అందులో చేరినవి; ఆ బడుల ఉన్నతతరగతులకు 30,000 పైచిలుకు స్పర్శాఫలకములు, అనగా వ్రేలితో తాకిన స్పందించు పెద్దతెరలు, తరువాత సమకూర్చబడినవి. 2022 జూన్ మాసమున బైజూస్ సంస్థతో ఒప్పందము కుదిరినది. అదే సంవత్సరము డిసెంబరు 21న పూర్వపు గుంటూరు జిల్లాలోనిదై నేడు బాపట్ల జిల్లాలో నున్న యడ్లపల్లి గ్రామమున, ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి రాష్ట్రవ్యాప్తముగా 5,18,740 ట్యాబుల పంపిణీకి ఆరంభము జరిగినది. అంతర్జాలము లేకున్నను పనిచేయునట్లు పాఠములను ముందుగనే అందు నిక్షేపించిరి. పల్లెల స్థితినెరిగి చేసిన ఏర్పాటగుటచే ఇది మెచ్చదగినది. కాని 2024 జూలై 16న బెంగుళూరు కంపెనీన్యాయస్థానము ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించెను. ప్రభుత్వము మారిన పిదప నూతన విద్యార్థులకు ట్యాబులిచ్చుట కొనసాగలేదు. ట్యాబు మంచిదా, పాఠము మంచిదా అను చర్చలో మనము మునిగియుండగా, పాఠము వ్రాసినవాడెవడు, రేపు దానిని సవరించువాడెవడు అను ప్రశ్న అడుగుననే పడియున్నది.

ఇక ప్రమాణములను చూతము. విద్యాసాధనముల ఫలితమును నిక్కముగా తూచుటకు, సాధనము పొందిన బడులను పొందని బడులతో పోల్చిన పరిశోధనలు మనదేశముననే జరిగినవి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు వడోదర నగరమున నాలుగవ తరగతి పిల్లలకు వారమునకు రెండు గంటలు గణితపు ఆటలను కంప్యూటరుపై ఆడించి చూడగా, రెండవ యేట ఫలితము 0.47 ప్రమాణవిచలనముగా తేలినది. విద్యాపరిశోధనలో ఇది స్వల్పలాభము కాదు. ఐనను పథకము ముగిసిన యేడాదికి అందు నాల్గవ వంతు కూడ నిలువలేదు. అదే గుజరాత్ రాష్ట్రమున లీ లిండెన్ చేసిన పరిశోధన ఇంకను సూక్ష్మమైనది: కంప్యూటరు పాఠమును ఉపాధ్యాయుని పాఠమునకు బదులుగా నడిపినచోట పిల్లలు వెనుకబడిరి, బడి ముగిసిన పిమ్మట అదనముగా నడిపినచోట ముందుకు పోయిరి. యంత్ర మొక్కటే, పాఠ మొక్కటే. స్థానము మారుటచే ఫలము తలక్రిందులైనది.

మూడవది ఢిల్లీ నగరమున కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ అనువారు ‘మైండ్‌స్పార్క్’ కేంద్రములలో జరిపినది. పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడో చూడక, అతనికి వాస్తవముగా ఏ తరగతి లెక్క వచ్చునో కనుగొని అచ్చటినుండి మొదలుపెట్టు ఆ పద్ధతిచే, నాలుగున్నర మాసములలో గణితమున 0.37, హిందీయందు 0.23 ప్రమాణవిచలనముల లాభము కలిగెను. ఆ పరిశోధకులు తొలుత కనుగొన్న సత్యము దిగ్భ్రాంతికరము: ఆరవ తరగతి పిల్లలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడియుండిరి. పాఠ్యపుస్తకపు నలుబదవ పుటను ఎంత మనోహరముగా తెరపై చూపినను, నాల్గవ పుట రాని పిల్లవానికి అది బొమ్మలాటయే యగును. పెరూదేశమున గ్రామీణ పాఠశాలలకు పిల్లవానికొక ల్యాప్‌టాప్ చొప్పున పంచి చూడగా భాషాగణితములయందు మార్పు కానరాకపోవుటకు ఇదియే హేతువని చెప్పవచ్చును: యంత్ర మిచ్చిరి, పిల్లవాని స్థాయిని పట్టించుకొనలేదు. ఆంధ్రప్రదేశమునందును ప్రభుత్వపాఠశాలలలో స్థాయికి తగిన అభ్యాసమును ట్యాబులద్వారా నడిపించు ‘పాల్’ గదులు వెలసినవి. నోబెల్ గ్రహీత మైకేల్ క్రెమెర్ బృందము వానిని పరీక్షించి ప్రోత్సాహకరమైన ఫలితములను తెల్పినది. ఇన్ని పరిశోధనలు ఏకకంఠముగా పలుకునది ఇది: స్థాయిని గుర్తించు సాధనము ఫలించును, పాఠమును ప్రదర్శించు సాధనము కనులకింపు మాత్రమే.

ఈ సూత్రమును మిరపపొలముల నడుమకు తెచ్చి చూచినచో దాని విలువ ద్విగుణీకృత మగును. అక్టోబరు మొదలు జనవరి వరకు పత్తితీతలు, జనవరి మొదలు ఏప్రిల్ వరకు మిరపకోతలు. అనగా పదవ తరగతి పరీక్షలకు పిల్లలు సిద్ధపడవలసిన దినములలోనే ఇంటివారికి చేతినిండ పని. కర్నూలు పశ్చిమభాగమునుండి కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతపు కుటుంబములు కోతలకై గుంటూరు, పల్నాటి సీమలకు వలసవచ్చును. వారి పిల్లలకు స్వగ్రామమున బడియున్నను తల్లిదండ్రులు లేరు, తల్లిదండ్రులున్న చోట బడిలో పేరు లేదు. వారికొరకు సమగ్రశిక్ష పక్షమున సీజనల్ హాస్టళ్లు నడచుచున్నవి. మూడు మాసములు గైరుహాజరై మరలివచ్చిన పిల్లవాడు తరగతిలో కూర్చుండును గాని తరగతితో నడువడు. ఇట్టి పిల్లవానికే ట్యాబు అవసరము. అతడెచ్చట ఆగెనో చూపి, అచ్చటినుండి అందుకొనుటకు అభ్యాసమిచ్చు యంత్రమును అతని చేతికందించుట న్యాయము. నిత్యము బడికి వచ్చు పిల్లవానికి ఉపాధ్యాయుడే చాలును. మన పంపిణీలు తరగతుల ననుసరించి జరిగినవి; అవసరము ననుసరించి జరిగియుండినచో తక్కువ యంత్రములతో ఎక్కువ మేలు కలిగియుండెడిది.

ఐనను ప్రదర్శనమునకు తావే లేదనుట అన్యాయము. గురువు నోటితో చెప్పజాలని దానిని, నల్లబల్లపై గీయజాలని దానిని తెర చూపగలచోట్లు కొన్ని కలవు. అమరావతి శిల్పములు గుంటూరు నేలనుండి వెడలి లండను బ్రిటిష్ మ్యూజియమునకును చెన్నపట్టణపు ప్రదర్శనశాలకును చేరినవి. అవి పుట్టిన నేలపై చదువుకొను పిల్లవాడు ఆ మ్యూజియము వారి అంతర్జాల సంగ్రహమున వానిని ఒక్కొక్కటిగా దగ్గరనుండి చూడవచ్చును. ఇస్రోవారి ‘భువన్’ పటముపై సాగరు కుడికాలువ ఎచ్చట మలుపు తిరిగెనో, గుండ్లకమ్మ ఏ ఊళ్లను తాకుచు పోవునో చూపినచో భూగోళపాఠము పిల్లల సొంతభూమియే యగును. కొలరాడో విశ్వవిద్యాలయమున కార్ల్ వీమన్ 2002లో నెలకొల్పిన ‘ఫెట్’ అనుకరణములు తెలుగునను లభించుచున్నవి. విద్యుద్వలయమును కలుపుటయు తెంచుటయు ప్రమాదము లేకుండ నేర్పుటకు ప్రయోగశాల లేని బడికి ఇంతకంటె చౌకయైన సాధనము లేదు. గుంటూరు మిర్చియార్డున టిక్కీలకు, అనగా మిరప బస్తాలకు, పలికిన దినసరి ధరలను సేకరించి రేఖాపటము గీయించినచో సగటు, మధ్యగతము, వ్యాప్తి యను మాటలు ఇంటి లెక్కలగును. 2021-22 పంటకాలమున మిరపను సర్వనాశనము చేసిన నల్లతామరపురుగును, పత్తికాయను తొలుచు గులాబిరంగు పురుగును ఫోను కెమెరాకు చిన్నకటకము తగిలించి పెద్దవిచేసి చూపినచో, జీవశాస్త్రమున కీటకముల జీవితచక్రము కంఠస్థము చేయవలసిన పాఠముగా మిగులదు. ఇట్టి పాఠములు ఏ సంస్థయు ముందుగ వ్రాసి పంపజాలదు. ఆ ఊరి ఉపాధ్యాయుడే అల్లుకొనవలెను.

అల్లుకొనుటకు తెలుగున సామగ్రి కొరత పూర్వమువలె లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, పలు నిఘంటువులను ఒక్కచో వెదకుటకు వీలిచ్చు ‘ఆంధ్రభారతి’, షికాగో విశ్వవిద్యాలయము అంతర్జాలమున నిలిపిన బ్రౌను నిఘంటువు, ఆర్కైవ్ సంస్థలో చదువనగు పాతపుస్తకములు, తెలుగు పండితుని చేతి చెంత నున్నవి. ఒక పుటపై ఆంగ్లమును ఎదుటిపుటపై తెలుగును ముద్రించు ద్విభాషా పాఠ్యపుస్తకములు 2020-21 నుండి వచ్చుటచే, ఆంగ్లమాధ్యమ బోధనకు వెనుదీయు పిల్లవానికి కొంత ఊత లభించినది. సామాన్య విజ్ఞానశాస్త్రమునకును గణితమునకును గ్రామ్యోచ్చారణను మన్నించు మంచి తెలుగు దృశ్యపాఠములు మాత్రము ఇంకను అరుదు; పట్టణపు కోచింగుల వేగముతో సాగు పాఠములే విస్తారము.

ఇన్నిటికిని మూలము ఉపాధ్యాయుడని అందరును అంగీకరింతురు; కాని అంగీకరించినవారే అతని కాలమును హరించిరి. హాజరు, భోజనపు లెక్క, మరుగుదొడ్ల ఛాయాచిత్రములు, పుస్తకముల పంపిణీ, ఒక్కొక్కదానికొక్కొక్క యాప్. 2022 ఆగస్టులో ముఖచిత్రముతో హాజరు వేయవలెనను ఉత్తరువు రాగా ఉపాధ్యాయసంఘములు ఆందోళన చేసెను. అనంతరము పలు యాప్‌లను ‘లీప్’ అను ఒక్కదానిలో చేర్చుట ఊరటయే. డిజిటల్ విద్య యనగా ఉపాధ్యాయునికి సంతకముల బదులు ఓటీపీలు వచ్చుట యని గ్రామములలో పరిహాసము పుట్టుటకు ఈ యాప్‌ల భారమే కారణము. గుంటూరు సీమకు బోయపాలెమునను, ప్రకాశమునకు మైనంపాడునను ఉన్న జిల్లా విద్యాశిక్షణసంస్థలకు ఉపాధ్యాయుల తర్ఫీదు పనిని అప్పగించి, యంత్రపుమీటల శిక్షణ మాత్రమే గాక, పై చెప్పిన భువన్, యార్డుధరల పాఠముల వంటివానిని ఉపాధ్యాయులచేతనే వ్రాయించి పంచుట అవశ్యకర్తవ్యము.

ఈ విషయమున కేరళమునుండి నేర్వదగినది కలదు. 2001లో మొదలైన ‘ఐటీ ఎట్ స్కూల్’ ఉద్యమము 2017లో ‘కైట్’ అను ప్రభుత్వసంస్థయై, స్వేచ్ఛాసాఫ్ట్‌వేరుపై నిలిచి, 45,000 తరగతిగదులను సజ్జితము చేసినది. అచ్చట శిక్షకులు వెలుపలి సంస్థలవారు కారు, ఉపాధ్యాయులే. యంత్రముల పోషణకు విద్యార్థులతోనే ‘లిటిల్ కైట్స్’ అను సంఘములు కట్టిరి. గుత్తదారు వెడలిపోయిననాడు మూతపడని వ్యవస్థ యిట్లుండును. ఆ పద్ధతి వ్యయము గాక, సంకల్పదైర్ఘ్యము కోరును. రెండు ప్రభుత్వముల కాలము దాటి నిలుచునంత దైర్ఘ్యము.

హానులను గూర్చి కూడ ఒక మాట. విద్యాస్థితిని తెల్పు ‘అసర్’ 2024 నివేదిక ప్రకారము గ్రామీణభారతమున 14-16 ఏండ్లవారిలో స్మార్ట్‌ఫోను వాడనేర్చినవారు నూటికి 82 మంది పైగా. అట్లు నేర్చినవారిలో వారము దినములలో చదువుకై వాడినవారు నూటికి 57, సామాజికమాధ్యమములకు వాడినవారు 76. అనగా సాధనము ఇంట ముందే యున్నది. లేనిది దానిని నడుపు నియమము. 2023 ఆరంభమున ‘దీక్ష’ వేదికకు సంబంధించిన ఉపాధ్యాయుల, విద్యార్థుల వివరములు రక్షణలేని సర్వరున బహిరంగమైనవన్న సంగతి వెల్లడియైనది. అదే యేట వచ్చిన వ్యక్తిగత సమాచారరక్షణ చట్టము పదునెనిమిది నిండని వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెనని విధించినది. యాప్‌లో పేరు నమోదు చేయు ప్రతి ఉపాధ్యాయుడును ఆ నియమము నెరిగియుండవలెను.

ఇన్ని చూచిన పిమ్మట నిర్ణయము క్లిష్టము కాదు. గురువునకు బదులుగా పెట్టిన యంత్రము నష్టము చేసినది. గురువునకు జతగా, వెనుకబడిన పిల్లవాని స్థాయికి తగినట్లు పెట్టిన యంత్రము లాభము చేసినది. నడుపువాడు లేని యంత్రము తాళము పడిన గదిలో మగ్గినది. కావున ఇకమీదట ప్రభుత్వము ఏ సాధనమును కొనబోయినను, దాని మరమ్మతునకు ఐదేండ్లు గాక పదేండ్ల ఏర్పాటును, పాఠముల స్వామ్యమును ప్రభుత్వమునందే నిలుపుకొను నిబంధనను, కోతల కాలమున గైరుహాజరైన పిల్లలకు మొదటి హక్కును ఒప్పందమునందే వ్రాయించుకొనవలెను. తల్లిదండ్రుల కమిటీలు బడికి ఎన్ని తెరలు వచ్చినవని అడుగుట మాని, కోతలకు పోయి వచ్చిన తమ ఊరి పిల్లలలో ఎందరు మరల తరగతిని అందుకొన్నారని ప్రధానోపాధ్యాయుని ప్రతిమాసము అడుగుట మొదలుపెట్టవలెనని నా విజ్ఞప్తి.